తెగింది కాదు, తెంచుకుంది

“‘మీ అమ్మకి బల్లుల్ని పట్టుకోవడం వచ్చుగానీ మనుషుల్ని పట్టుకోవడం రాదు.’ ఇది నా మాట కాదు, నాన్నమ్మ మాట. ఇంకోటి కూడా అంది. నా మొదటి జడ ఏట్లో పోలేదంట. నీ దగ్గరే ఉందంట. ఉందా లేదా?”

తల్లి వినిపించుకోనట్టు నీళ్ళ సీసా నొక్కుతూనే ఉంది. పొద్దున్నే గాజుపెట్టెల్లో నీళ్ళు చిలకరించడం ఆ ఇంట్లో పళ్ళు తోముకోవడం లాంటిది. ఎవరు అలిగినా, ఎవరు ఏడ్చినా ఆగదు. వెనకగదిలో గోడ పొడుగునా అరలు, అరల నిండా గాజుపెట్టెలు, వాటిలో నాచు, బెరడు ముక్కలు. కొత్తగా వచ్చినవాళ్ళు ఈవిడేంటి ఖాళీ పెట్టెలకి నీళ్ళు కొడుతోంది అనుకుంటారు. కాసేపు చూస్తూ నిలబడితే బెరడులో ఒక ముక్క నాలుక చాపి, తన కన్ను తనే నాక్కుంటుంది. అప్పుడు తెలుస్తుంది అది బల్లి అని.

“నిన్నే అమ్మా.”

“లాంచీ ఎప్పుడు?” అంది తల్లి.

“మాట మార్చకు. సోమవారం. వందసార్లు చెప్పా.”

అమ్మాయికి నది మీద తిరిగే లాంచీలో పని దొరికింది. దాన్ని నడిపే సరంగు పక్కన నిలబడి చుక్కాని పట్టడం నేర్చుకోవాలి. నేర్చుకున్నాక ఆ లాంచీతోనే కింది రేవులకి వెళ్ళిపోవాలి, ఇంటికి రావడం ఎప్పుడో ఒకప్పుడు. తల్లి వద్దనలేదు. సరే అని కూడా అనలేదు. ఆ సంగతి ఎత్తినప్పుడల్లా ఏదో ఒక పెట్టె మూత తీసి లోపలికి తొంగిచూసేది.

వీధిలో అందరూ ఆవిడని బల్లుల మేడమ్ అంటారు. ఆవిడ పెంచేవి ఇళ్ళలో ట్యూబులైటు పక్కన తిరిగే బల్లులు కావు. కొండ మీద తడి అడవిలో, అదీ ఒకే ఒక్క లోయలో ఉండే రకం. చిటికెన వేలంత ఉంటుంది. పగలు బెరడు పగుల్లో నక్కి, సందెవేళ బయటికొస్తుంది. కనురెప్పలుండవు. ఏం జరిగినా చూడాల్సిందే తప్ప కళ్ళు మూసుకోవడం దానికి చేతకాదు. ఆడది రెండే గుడ్లు పెడుతుంది, పక్కపక్కన, తొర్రలో గోడకి అతికించి. అతుక్కున్నాక ఊడదీయబోతే పగిలిపోతాయి. పెట్టినావిడ పెట్టేసి తన దారిన తను పోతుంది. పిల్లలు వాటంతటవే పుట్టి, వాటంతటవే పురుగుల్ని పట్టుకుని బతుకుతాయి. తల్లీ పిల్లా ఒకే కొమ్మ మీద ఎదురుపడ్డా ఒకదాన్నొకటి ఎరగవు. మేడమ్ సగం జీవితం ఈ సంగతులు తెలుసుకోవడానికే పోయింది.

కాలేజీ నుంచి పిల్లలు నేర్చుకోవడానికి వస్తుంటారు. వాళ్ళకి మేడమ్ మొదటిరోజే రెండు సంగతులు చెబుతుంది. ఒకటి, పట్టుకోవద్దు. అరచెయ్యి చాపి దాని ముందు పెట్టాలి, రెండో చెయ్యి దాని వెనక మెల్లగా ఆడించాలి, అదే ఎక్కుతుంది. రెండోది మాట గురించి. ఎవరైనా “తోక తెగింది” అని రాస్తే మేడమ్ కొట్టేసి పైన దిద్దుతుంది. పట్టుకున్నవాడి బలానికి తోక తెగదు. బల్లి తనే లోపల కండ బిగించి, విరగాల్సిన చోట విరుచుకుని, వదిలేసి పోతుంది. “తెగింది కాదు, తెంచుకుంది అని రాయి” అంటుంది. పిల్లలు వెనక నవ్వుకుంటారు, ఈవిడకి బల్లి కన్నా వ్యాకరణం ముఖ్యమని.

ఇక అమ్మాయి జడ సంగతి. ఆ వీధిలో తెలియనివాళ్ళు లేరు. ఎవరైనా గట్టిగా పట్టుకుంటే ఊడి వాళ్ళ చేతిలో ఉండిపోతుంది, కాసేపు చేపలా కొట్టుకుంటుంది. మళ్ళీ మొలుస్తుంది. కాకపోతే బల్లికి మళ్ళీ మొలిచిన తోకలాగే, రంగు ఒక ఛాయ తక్కువగా, వంపు లేకుండా. అందుకని పక్కింటివాళ్ళు తమ పిల్లలకి పొయ్యి ముట్టుకోవద్దు, ప్లగ్గులో వేలు పెట్టొద్దు, ఆ అక్క జడ లాగొద్దు అని ఒకే ఊపిరిలో చెబుతారు.

ఊడిన జడతో వెంట్రుకలే పోతే గొడవ లేదు. ఎవరు అల్లితే వాళ్ళ సంగతులు అందులోకి చేరతాయి. జడ పోతే అవీ పోతాయి. చిన్నప్పుడు కొన్నాళ్ళు నాన్నమ్మ అల్లింది, ఎక్కాలు అప్పజెప్పించుకుంటూ. ఒకరోజు స్కూల్లో వెనక బెంచీవాడు లాగాడు. జడ వాడి చేతిలో గిలగిలలాడింది. టీచరు దాన్ని తీసుకుని కిటికీలో పెట్టి మిగతా పాఠం చెప్పింది. ఇంటర్వెల్‌లో పిల్లి ఎత్తుకుపోయింది. సాయంత్రం అమ్మాయి ఇంటికొచ్చి, అరుగు మీద కూచున్న నాన్నమ్మని చూసి, “ఎవరు కావాలండీ?” అంది.

నాన్నమ్మ తనని తను కొత్తగా పరిచయం చేసుకుంది. నెల తిరక్కుండా మళ్ళీ మంచి చేసుకుంది కూడా. ఎక్కాలు మాత్రం తిరిగి రాలేదు. ఆ తర్వాత ఆవిడ ఆ జడ ముట్టుకుంటే ఒట్టు. అప్పట్నుంచీ అమ్మాయే అల్లుకుంటోంది. తల్లి అయితే ఎప్పుడూ అల్లలేదు. దువ్వెన చేతికిచ్చినా పక్కన పెట్టేసేది.

మొదటి జడ అల్లింది నాన్న. ఆయన అడవిలో ఫోటోలు తీసేవాడు. మేడమ్ తెల్లారి అడవి నుంచి వచ్చి పడుకుంటే, స్కూలుకి తయారుచేసే పని ఆయనదే. తర్వాత ఆయన ఏట్లో కొట్టుకుపోయాడు. ఆ రోజే మొదటి జడా ఊడింది. అమ్మాయికి ఆయన గురించి తెలిసిందంతా నాన్నమ్మ చెప్పిందే, గోడ మీద ఫోటోలో చూసిందే. పక్కింటాయన గురించి చెబితే విన్నట్టు విని ఊరుకునేది. తనకి ఏడేళ్ళప్పుడు పోయిన మనిషి కొంచెమైనా గుర్తుండాలి కదా. ఉండేవాడు కాదు.

“ఉందే. ఎక్కడ పెట్టిందో నాకు తెలీదు గానీ ఉంది” అని ముందుగది నుంచి నాన్నమ్మ అందించింది. “నా కొడుకుని వదిలేసింది, ఆ వెంట్రుకల్ని మాత్రం వదల్లేదు.”

తల్లి సీసా కింద పెట్టింది.

“చూడు తల్లీ, అది పెట్టుకుంటే ఆయనొక్కడే రాడు. ఆ రోజు కూడా వస్తుంది. ఇన్నేళ్ళూ నీకు లేని ఏడుపు అది. నదిలోకి వెళ్తూ అది నీకెందుకు?”

“నాకు మొహం కావాలమ్మా. ఫోటోలో ఉన్నాయన ఎవరికైనా నాన్నే అనిపిస్తాడు. నాకు నాన్న అనిపించేవాడు కావాలి.”

తల్లి వంగి అన్నిటికన్నా కింది అరలో మూలనున్న పెట్టె బయటికి లాగింది. అమ్మాయి ఆ పెట్టెని చిన్నప్పట్నుంచీ ఎరుగును. సెలవుల్లో తనే దానికి నీళ్ళు చిలకరించేది. అందులో బాగా సిగ్గున్న బల్లి ఉందని, అందుకే కనబడదని తల్లి చెప్పేది. ఇప్పుడు తల్లి నాచు పక్కకి తీసింది. అడుగున జానెడు జడ, చివర ఎర్ర రిబ్బన్‌తో. వెలుతురు తగలగానే కొస కొంచెం కదిలింది.

“ఆకలైతే బల్లి వెనక్కొచ్చి తన తోక తనే తింటుంది” అంది తల్లి. “నువ్వెలాగూ తినలేవు. ఇలా కూచో.”

దాన్ని సవరంలా పెట్టి అల్లింది. అలవాటు లేని చేతుల్లోంచి పాయలు రెండుసార్లు జారిపోయాయి, రెండుసార్లూ మళ్ళీ మొదలుపెట్టింది. పిల్ల పుట్టాక మొట్టమొదటిసారి ఆ తల్లి కూతురికి జడ వేయడం. రిబ్బను ముడి పడగానే అమ్మాయి వీపు నిటారుగా అయింది. తర్వాత, ఇప్పటి గొంతు కాకుండా, ఇంకా పాలపళ్ళు ఊడని గొంతుతో అంది:

“బల్లి తోక పెట్టు నాన్నా.”

ముందుగదిలో నాన్నమ్మ చేతిలోని గ్లాసు కింద పడింది. రోజూ పొద్దున్న ఆయన అడిగే మాటకి అది జవాబు. బల్లి తోకా, పాము తోకా? సన్నగా త్వరగా వేసేస్తే బల్లి తోక. లావుగా, నింపాదిగా, కబుర్లు చెబుతూ వేస్తే పాము తోక.

ఇక మిగతాదంతా వచ్చింది. పిప్పరమెంటు వాసన వచ్చే వేళ్ళు. చెవి వెనక చల్లగా తగిలే ఉంగరం. అమ్మకి మెలకువ వస్తుందని ఆపుకున్న నవ్వులు. ఒక్కోటీ చెబుతూ నవ్వుతోంది, నవ్వుతూనే ఏడుస్తోంది. తర్వాత నవ్వు ఆగిపోయింది. అంటే ఆ మధ్యాహ్నం వచ్చిందన్నమాట.

ముగ్గురూ లోయకి వెళ్ళిన రోజది. పైన ఎక్కడో వాన పడి ఏరు ఉన్నట్టుండి పొంగింది. ఏటికి అడ్డంగా వేసిన దుంగ మీద ముందు తల్లీ పిల్లా దాటారు. కెమెరా సంచితో ఆయన నడుమ ఉండగా దుంగ దొర్లింది. తల్లి బురదగట్టు మీద బోర్లా పడి ఆయన మణికట్టు దొరకబుచ్చుకుంది. ఆ తర్వాత సంగతి ఆవిడ ఎవరికి చెప్పినా ఒక్క మాటలోనే చెప్పేది: జారిపోయింది. ఆ మాటని నాన్నమ్మ తన మాటల్లోకి మార్చుకుని, వదిలేసింది అనేది. ఇన్నేళ్ళుగా ఆ రెండు మాటలూ ఒకే ఇంట్లో, ఒకే గిన్నెలో అన్నం తింటూ ఉన్నాయి.

“అమ్మా, నువ్వు కళ్ళు మూసుకున్నావు” అంది అమ్మాయి.

“బలం కోసం.”

“నేను మూసుకోలేదు. నీ వెనకే ఉన్నా. నీ మోచేతులు బురదలో జారుతున్నాయి. నడుం దాకా గట్టు దాటిపోయావు. నాన్న నీకేసి చూశాడు, తర్వాత నాకేసి చూశాడు. నన్ను చూసి నోటి మీద వేలు పెట్టుకున్నాడు, పొద్దున్నే నువ్వు పడుకున్నప్పుడు పెట్టుకునేవాడు చూడు, అలాగ. పెట్టుకుని, నీ వేళ్ళు ఒక్కోటీ విప్పాడు. చిటికెన వేలు ముందు.”

తల్లి తన కుడిచేతికేసి చూసుకుంది.

“జారిపోలేదమ్మా. తెగలేదు. తెంచుకున్నాడు.”

ఏదో పెట్టెలో ఒక బల్లి టిక్కుటిక్కుమంది. మిగతావి జవాబు ఇవ్వలేదు.

ఆ పైన జరిగింది తల్లికి తెలిసిందే. నీళ్ళ వెంట పరిగెత్తిన పిల్లని జడ పట్టి ఆపింది. జడ చేతికొచ్చింది. పిల్ల టక్కున ఆగి, గట్టు మీద కూచుని, మనం ఎందుకిలా తడిసిపోయాం అని అడిగింది. ఎవరితో కలిసి ఏడవాలో ఆ మనిషే ఆ మాట అడిగితే ఇంక ఏం ఏడుస్తుంది? మేడమ్ ఆ రోజు ఏడవలేదు. ఆ తర్వాతా ఏడవలేదు.

కాసేపటికి నాన్నమ్మ గోడ పట్టుకుని లోపలికొచ్చింది. కోడలి పక్కన చతికిలబడి, ఆవిడ కుడిచెయ్యి ఒళ్ళోకి తీసుకుని, వేళ్ళు ఒక్కోటీ విప్పి చూసింది. చిటికెన వేలు నుంచి మొదలుపెట్టి బొటనవేలు దాకా. చాలాసేపు చూసింది.

“గోళ్ళు పెరిగాయి, కత్తిరించుకో” అని లేచి వెళ్ళిపోయింది. ఆవిడ క్షమాపణ చెప్పడం అంటే అదే. కోడలికి అర్థమైంది.

సోమవారం లాంచీ వెళ్ళిపోయింది. అమ్మాయి ఎక్కలేదు. ఆ నీళ్ళలోకి నేను పోను అంది. ఏరు పోయి కలిసేది ఆ నదిలోనే కదా, ఆయన ఒంటి జాడ ఇప్పటికీ దొరకలేదు. తల్లి పోనీలే అంది. అనేటప్పుడు గొంతులో సంతోషం బయటపడకుండా చాలా కష్టపడింది.

నిజం చెప్పాలంటే ఆ ఇంట్లో అలాంటి రోజులు మునుపు లేవు. పొద్దున్నే తల్లి జడ వేసేది, అమ్మాయి నాన్న కబుర్లు చెప్పేది. ఆయన బూట్లలో కప్ప దూరిన సంగతి, ఫోటోలో ప్రతిసారీ తల్లి తల తీసేసిన సంగతి. ఇద్దరూ కలిసి ఏడ్చేవాళ్ళు. నాన్నమ్మ గుమ్మం దగ్గర కూచుని, నేనేడవట్లేదు, కళ్ళలో నలకలు పడ్డాయి అనేది. మేడమ్‌కి ఇన్నేళ్ళకి దుఃఖంలో తోడు దొరికింది. పైగా పిల్ల ఇంట్లోనే ఉంది. ఇంకేం కావాలి ఏ తల్లికైనా?

కానీ పిల్ల ఎండిపోతోంది. ఆ దుఃఖం ఏళ్ళ తరబడి మోసి మోసి తల్లికి కాస్త మెత్తబడింది. అమ్మాయికి నిన్నటిది, ఇంకా పచ్చిది. కిటికీ దగ్గర కూచుని రెప్ప వేయకుండా బయటికి చూసేది. రెప్ప వేస్తే చాలు, నోటి మీద వేలు పెట్టుకున్న మనిషి కనిపిస్తున్నాడంది. అన్నం ముద్ద చేతిలోనే ఆరిపోయేది. చుక్కాని ఊసు పూర్తిగా మర్చిపోయింది. సరంగు ఇంటికొచ్చి, పని అడగడానికొచ్చిన రోజే చుక్కాని ఇచ్చి చూశా, పిల్ల చెయ్యి మంచిదండీ, నీళ్ళు దాని మాట వింటాయి, ఆ చోటు ఎవరికీ ఇవ్వకుండా ఉంచానని చెప్పి, టీ తాగి వెళ్ళాడు.

మేడమ్ ఒకసారి అడవిలో ఒక బల్లిని చూసింది. కూలిన మాను బెరడు కింద దాని తోక ఇరుక్కుపోయింది. తెంచుకుని పోవచ్చు. ఎందుకో తెంచుకోలేదు. అలాగే, తోకంతా పదిలంగా, అక్కడే ఎండి పుల్లలా అయిపోయింది. విద్యార్థులకి ఎన్నో బల్లుల గురించి చెప్పిందిగానీ దీని గురించి ఎప్పుడూ చెప్పలేదు.

లాంచీ మళ్ళీ వచ్చిన రోజు పొద్దున్నే కూతుర్ని లేపి, కూచోబెట్టి, దువ్వెన తీసుకుంది.

“బల్లి తోకా, పాము తోకా?”

ఆ మాట తల్లి అడగడం అదే మొదలు. అమ్మాయి వెనక్కి తిరక్కుండానే జవాబు చెప్పింది. “పాము తోక. చాలాసేపు పడుతుంది కదా.”

చాలాసేపే పట్టింది. నాన్న సవరం లోపల, దాని చుట్టూ తల్లి అల్లిక. తన చేతుల్లోంచి అందులోకి ఏమేం పోతోందో మేడమ్‌కి తెలుసు. ఈ జడ ఊడితే నాన్న ఒక్కడే కాదు, తనూ పోతుంది. నాన్నమ్మలాగ మళ్ళీ పరిచయం చేసుకుందామంటే, ఈసారి పిల్ల సాయంత్రం ఇంటికి రాదు.

రేవులో జనం బాగానే ఉన్నారు. సరంగు పైనుంచి ఎప్పటిలాగే అరుస్తున్నాడు, అమ్మా వెనక్కి జరగండి, అమ్మా సంచి తీయండి, అమ్మా పిల్లాణ్ణి పట్టుకోండి. అతనికి ఆడవాళ్ళందరూ అమ్మలే. గట్టుకీ లాంచీకీ మధ్య పలక వేశారు. అమ్మాయి పలక దాకా వచ్చి ఆగిపోయింది. ఒక కాలు పలక మీద పెట్టి, కింద నీళ్ళు చూసి వెనక్కి తీసుకుంది. వెనకవాళ్ళు తోసుకుంటూ పక్క నుంచి ఎక్కేస్తున్నారు.

తల్లి కూతురి వెనక నిలబడి ఉంది. అరచెయ్యి చాపింది, బల్లి ముందు చాపినట్టు, వెల్లకిలా, వేళ్ళు సడలించి. జడ కొస వచ్చి అందులో వాలింది.

“అమ్మా, నా వల్ల కాదు” అంది అమ్మాయి.

“నేను పట్టుకోలేదు తల్లీ” అంది తల్లి.

గంట కొట్టారు. ఆ తర్వాత ఏం జరిగిందో తలా ఒక రకంగా చెబుతారు. ఆవిడ గట్టిగా పిడికిలి బిగించింది, నేను చూశాను అంటాడు టికెట్ల మనిషి. లేదు, ఆ పిల్లే మెడ ఒక్క విసురు విసిరిందంటుంది పూలు అమ్మే ఆవిడ. మేడమ్‌ని అడిగితే కళ్ళు మూసుకున్నాను అంటుంది. పలక మీద అడుగుల చప్పుడు మాత్రం అందరూ విన్నారు. తేలికగా, ఒక్క పరుగులో దాటిన చప్పుడు.

కళ్ళు తెరిచేసరికి మేడమ్ చేతిలో జడ ఉంది, ఎర్ర రిబ్బనుతో సహా, కొట్టుకుంటోంది. లాంచీ గట్టు వదిలేసింది. అమ్మాయి పైన సరంగు పక్కన చుక్కాని మీద చెయ్యేసి నిలబడింది, పొట్టి జుట్టు గాలికి రేగుతూ. సరంగు ఏదో అన్నాడు, దానికి నవ్వింది. ఎన్నాళ్ళకో నవ్వింది. నీళ్ళకేసి చూసింది. వట్టి నీళ్ళని చూసినట్టే చూసింది.

తర్వాత గట్టు కేసి తిరిగింది. అంచున, బురదలో, చేతిలో జడ పట్టుకుని ఒంటరిగా నిలబడ్డ ఆడమనిషి కనిపించింది. అమ్మాయి చేతులు నోటి దగ్గర పెట్టుకుని కేకేసింది:

“అమ్మా, గట్టు జారుతుంది, వెనక్కి జర…”

అప్పుడే ఇంజను గట్టిగా దగ్గింది. మాట తోక అందులో పోయింది. ఎరిగిన తల్లికైతే జరుగు అంటుంది. దారినపోయే ఎవరో అమ్మకైతే జరగండి అంటుంది. మేడమ్ వెనక్కి జరగలేదు. లాంచీ వంపు తిరిగిపోయేదాకా అక్కడే నిలబడి, ఆ సగం మాటని రెండు రకాలుగానూ పూర్తిచేసుకుంటూ ఉంది. ఇప్పటికీ ఆ ఇంటికెళితే, పెట్టెలకి నీళ్ళు చిలకరిస్తూ, వచ్చినవాళ్ళందరినీ అదే అడుగుతుంది.

మీరూ గట్టు మీదే ఉన్నారుగా ఇంతసేపూ. మీకేం వినిపించింది?